దూరపు కొండలు నునుపేనా? పరిశోధన వ్యాసానికి విలక్షణమైన శీర్షిక పెట్టే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో పరిశోధనకు కొదవ లేదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన నేటి ఎన్‌ఐటీ, అదే ఏడు పుట్టిన కాకతీయ వైద్య కళాశాల, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, వీటికి తోడు వ్యవసాయ పరిశోధన స్థానం: ఇన్ని చోట్ల నుంచి వ్యాసాలు వెలువడుతూనే ఉంటాయి. అయితే వాటిలో చాలా వాటి శీర్షికలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి: ‘ఫలానా దానిపై ఫలానా దాని ప్రభావం – ఒక అధ్యయనం’. పొలాల్లోనూ ప్రయోగశాలలోనూ ఏళ్ల తరబడి పడిన శ్రమకు, వ్యాసం పంపే ముందురోజు రాత్రి పది నిమిషాల్లో పేరు పెట్టేస్తున్నాము. వ్యాసాన్ని పూర్తిగా చదివేవారు కొందరే, సారాంశం చూసేవారు ఇంకొంత మంది, శీర్షిక మాత్రం జాబితాలో కంటపడిన ప్రతి ఒక్కరూ చదువుతారు. కాబట్టి వ్యాసంలోని ఏ ఒక్క వాక్యానికీ ఇవ్వనంత సమయం శీర్షికకు ఇవ్వాలి.

పరిశోధక విద్యార్థులనూ యువ అధ్యాపకులనూ దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని మెట్లవారీగా రాస్తున్నాను. దీని వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: శీర్షికలోని విలక్షణత పరిశోధన లోపలి నుంచి రావాలి, బయటి నుంచి తెచ్చి అతికించకూడదు. చమత్కారం చేతనవునా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మన పనిలో నిజంగా ఆశ్చర్యం కలిగించే విషయం ఏదో మనకు తెలుసా అన్నదే ప్రశ్న.

మొదటి మెట్టు: ముందుగా సాదా శీర్షిక రాయండి

విలక్షణమైన శీర్షిక కోసం వెతికే ముందు, ఏ అలంకారమూ లేని శీర్షిక ఒకటి రాసి పెట్టుకోవాలి. దేన్ని పరిశీలించారు, ఎక్కడ, ఏ పద్ధతిలో, ఏం తేలింది అన్న నాలుగింటికీ అందులో జవాబు ఉండాలి.

ఒక ఊహాజనిత అధ్యయనాన్ని తీసుకుందాం. 2015లో తెలంగాణ ప్రభుత్వ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత మొదలైనప్పుడు రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లలో తమ చేలకు తోలుకున్నారు. అలా మట్టి తోలిన చెలక నేలల్లో (ఇసుకపాలు ఎక్కువైన తేలికపాటి ఎర్ర నేలల్లో), వాన వెలిసిన తరువాత తేమ ఎన్నాళ్లు నిలుస్తుందో, పక్కనే ఉన్న మట్టి తోలని చేలతో పోల్చి ఒక విద్యార్థిని కొలిచిందనుకుందాం. మట్టి తోలిన చేలలో తేమ ఎక్కువ కాలం నిలిచినట్టు తేలిందనీ అనుకుందాం. ఆమె సాదా శీర్షిక ఇలా ఉంటుంది: ‘చెరువు పూడికమట్టి కలిపిన చెలక నేలల్లో వానల మధ్య విరామంలో అధిక తేమ నిల్వ: వరంగల్ జిల్లా క్షేత్ర పరిశీలన’.

ఇందులో తప్పేమీ లేదు. మరేదీ కుదరకపోతే ఇదే శీర్షికతో వ్యాసాన్ని పంపవచ్చు. పైగా ‘పూడికమట్టి’, ‘చెలక నేల’, ‘తేమ నిల్వ’ అనే మూడు మాటలు ఇక్కడే తేలాయి. రేపు ఎవరైనా ఈ విషయం కోసం వెతికితే కొట్టే మాటలు అవే. తరువాతి మెట్లలో శీర్షిక ఎన్ని రూపాలు మారినా వీటిని చేజార్చకూడదు.

ఒక్కోసారి ఈ మెట్టు దగ్గరే ఆగిపోవడం ఉత్తమం. 1925లో సహశాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు ప్రచురించిన వ్యాసం పేరు ‘రంగుమాపన పద్ధతిలో భాస్వరం నిర్ధారణ’ అనే అర్థం వచ్చే అతి సాధారణమైన పేరు. ఆ వ్యాసాన్ని తరతరాల జీవరసాయన శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో ఉటంకిస్తూ వచ్చారు. భాస్వరాన్ని కొలిచే పద్ధతి కావలసినవాడు సరిగ్గా ఆ మాటలతోనే వెతుకుతాడు కాబట్టి ఆ పేరే దానికి తగినది. 1928లో రామన్, కృష్ణన్ తమ ఆవిష్కరణను ప్రకటించిన లేఖకు ‘ఒక కొత్త రకం ద్వితీయ వికిరణం’ అని మాత్రమే పేరు పెట్టారు. కొత్త పద్ధతిని చెప్పే వ్యాసానికీ, ఫలితమే అసాధారణమైన వ్యాసానికీ చమత్కారం అవసరం లేదు.

రెండో మెట్టు: ఆశ్చర్యం ఎక్కడుందో వెతకండి

ఈ మెట్టుకే ఎక్కువ సమయం పడుతుంది. సాదా శీర్షికను పక్కన పెట్టుకొని, ఈ పని చేస్తున్నప్పుడు మిమ్మల్నే ముందుగా ఆపి ఆలోచింపజేసిన విషయం ఏదో రాయండి. అది సాధారణంగా నాలుగు చోట్ల దొరుకుతుంది.

ఒకటి, ఎవరూ అడగని ప్రశ్న. 1966లో మార్క్ కాట్స్ అనే గణితవేత్త ‘డోలు ఆకారాన్ని వినగలమా?’ అని అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. ఒక పొర కంపించే పౌనఃపున్యాలన్నీ తెలిస్తే దాని ఆకారాన్ని నిర్ణయించగలమా అన్నది అసలు సమస్య. చూడవలసిన ఆకారాన్ని వినడమేమిటన్న వింత పైనుంచి తెచ్చినది కాదు, ఆ సమస్యే అది. 1992లో గార్డన్, వెబ్, వోల్పర్ట్ దానికి జవాబు కనుగొన్నప్పుడు ‘డోలు ఆకారాన్ని వినలేము’ అనే పేరుతోనే ప్రకటించారు. ఒక శీర్షిక ఇరవై ఆరేళ్ల తరువాత తన జవాబును కూడా తన మాటల్లోనే చెప్పించుకుంది. 1967లో గణితవేత్త మాండెల్‌బ్రాట్ అడిగిన ‘బ్రిటన్ తీరరేఖ పొడవెంత?’ కూడా ఇటువంటిదే. పాఠశాల విద్యార్థి అడిగేలా కనిపించే ఆ ప్రశ్నకు, కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ తీరం పొడవు పెరుగుతూ పోతుందన్నది వ్యాసం చూపే సంగతి. ప్రశ్నార్థక శీర్షిక పెట్టాలనుకున్నవారు ఈ రెండింటినీ గమనించాలి: ప్రశ్న సులభంగా కనిపించాలి, జవాబు సులభంగా ఉండకూడదు. ‘ఎరువు వేస్తే దిగుబడి పెరుగుతుందా?’ అని అడిగితే చదువరి అవుననుకొని ముందుకు పోతాడు.

రెండు, చేతికి తగిలే చిన్న వస్తువు. వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో ప్రచురించిన మూల వ్యాసం పేరు ‘నిర్ధారిత అనావర్తక ప్రవాహం’ అన్న అర్థంలో ఉంటుంది. ఆ రంగంలోని వారికి తప్ప ఇతరులకు అది ఏమీ చెప్పదు. 1972లో ఆయన చేసిన ప్రసంగం పేరు మాత్రం ‘బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా?’. శాస్త్రం తెలియనివారి నోళ్లలో కూడా ఇప్పటికీ నానుతున్నది ఈ పేరే. ఆయన సమయానికి శీర్షిక పంపకపోవడంతో సదస్సు నిర్వాహకుడు ఫిలిప్ మెరిలీస్ ఆ పేరు పెట్టాడు. తన పనిలో లోపలికంటా మునిగినవాడికి కనిపించని పేరు పక్కవాడికి కనిపించవచ్చన్న సంగతిని ఆరో మెట్టులో వాడుకుందాం.

మూడు, నమ్మకానికి ఎదురుపడే వాస్తవం. మన ములుగు జిల్లాలోని రామప్ప గుడినే చూడండి. 1213 నాటి ఆ ఆలయం పునాది కింద ఇసుకపెట్టె ఉంది, గోపురంలోనివి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. ఇసుక మీద కట్టినది నిలవదని లోకం అనుకుంటుంది కాబట్టి, ఆ పునాది భూకంప ప్రతిస్పందనపై పనిచేసే సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి ‘ఇసుక మీద నిలిచిన గుడి’ అని మొదలుపెడితే అందులో అతిశయోక్తి అక్షరం కూడా లేదు. ఉన్న వాస్తవమే వింతగా ఉన్నప్పుడు దాన్ని ఉన్నట్టు చెప్పడమే గొప్ప శీర్షిక. ‘బహుళ ప్రమాణాల విశ్లేషణాత్మక పరిశీలన’ వంటి మాటల కింద దాన్ని పూడ్చిపెట్టకండి.

నాలుగోది అంకె. 1956లో మనస్తత్వశాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ మనిషి తక్షణ జ్ఞాపకానికున్న హద్దు గురించి రాస్తూ ‘మాయా సంఖ్య ఏడు, రెండు అటూ ఇటూ’ అన్నాడు. మీ ఫలితంలో అంత స్థిరంగా నిలిచే అంకె ఉంటేనే ఈ దారి పట్టండి.

మన పూడికమట్టి వ్యాసంలో ఆశ్చర్యం మూడో రకానికి చెందినది. చెరువు సామర్థ్యాన్ని తగ్గించి ఊరికి నష్టం తెచ్చిన మట్టే చేనుకు పనికొస్తున్నది. దానిని మాటల్లో పెడితే ‘చెరువుకు భారం, చేనుకు బలం’ అని వస్తుంది. వినడానికి బాగుంది. కానీ ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: మనం కొలిచింది బలమా? కాదు. దిగుబడిని గానీ, నేలలోని పోషకాలను గానీ ఆ విద్యార్థిని కొలవలేదు, తేమను మాత్రమే కొలిచింది. ‘బలం’ అన్న మాట వ్యాసం నిరూపించని దాన్ని వాగ్దానం చేస్తున్నది కాబట్టి ప్రాస ఎంత కుదిరినా దాన్ని వదులుకోవలసిందే. మళ్లీ ప్రయత్నిస్తే ‘చెరువు వదిలిన మట్టి, చెలక దాచిన తేమ’ అని వస్తుంది. ఇందులోని ప్రతి మాటా కొలిచిన విషయానికి కట్టుబడి ఉంది.

మూడో మెట్టు: సామెత దగ్గర జాగ్రత్తగా నిలబడండి

తెలుగులో రాసే సిద్ధాంత గ్రంథాలకు, ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు ఇచ్చే ప్రసంగాలకు, పత్రికల్లో వచ్చే విజ్ఞాన వ్యాసాలకు సామెత మంచి ఆధారం. చదువరికి సగం శీర్షిక ముందే తెలిసి ఉంటుంది, మిగతా సగం కోసం ఆగుతాడు. కానీ సామెతను ఉన్నది ఉన్నట్టు వాడితే అది అలంకారంగానే మిగిలిపోతుంది. ఆ సామెత చెప్పే మాటను మీ పరిశోధన నిజంగా పరీక్షిస్తున్నప్పుడే అది శాస్త్రీయ శీర్షిక అవుతుంది.

‘దూరపు కొండలు నునుపు’ అంటాము. ఉపగ్రహ చిత్రాల స్పష్టత తగ్గేకొద్దీ కొండవాలు గరుకుదనం ఎంత తక్కువగా అంచనా వేయబడుతుందో లెక్కగట్టే వ్యాసానికి ‘దూరపు కొండలు నునుపేనా?’ అన్నది అలంకారం కాదు, ఆ వ్యాసపు సమస్యే. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్న మాటను, ఏటూరునాగారం పరిసర గ్రామాల్లో ఇళ్ల చుట్టూ పెరిగే మొక్కల ఔషధ గుణాలను ప్రయోగశాలలో పరీక్షించినవారు ‘పెరటి చెట్టు వైద్యానికి పనికివస్తుందా?’ అని తిప్పి అడగవచ్చు. గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని అలుగు నీరు మరొకదానికి చేరే తీరును నమూనా కట్టేవారికి ‘నీరు పల్లమెరుగు’ చాలు. మొదటి కొన్ని ఛార్జింగ్ ఆవర్తనాల్లో బాగా పనిచేసి తరువాత సామర్థ్యం కోల్పోయే బ్యాటరీ పదార్థం గురించి రాసేవారికి ‘ఆరంభశూరత్వం’ అన్న ఒక్క మాట సరిపోతుంది.

ఆంగ్ల పత్రికకు పంపే వ్యాసంలో మాత్రం ఈ సొగసు దాటదు. అనువదించిన సామెత అక్కడి చదువరికి సామెతలా వినపడదు, అర్థం కాని వాక్యంలా మిగులుతుంది. ఇది మన భాషకే ఉన్న చిక్కు కాదు. 1970లో ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ రాసిన ప్రసిద్ధ వ్యాసం పేరును మక్కికి మక్కి తెలుగు చేస్తే ‘నిమ్మకాయల సంత’ అవుతుంది. అమెరికాలో లోపాలున్న పాత కారును నిమ్మకాయ అంటారని తెలియనివారికి అది పండ్ల వ్యాపారం గురించిన వ్యాసం. అయితే ఆయన దాని వెంటనే ‘నాణ్యతపై అనిశ్చితి, విపణి యంత్రాంగం’ అన్న భావంతో ఉపశీర్షిక చేర్చాడు, కాబట్టి ఏ దేశపు చదువరి అయినా దారి తప్పడు.

నాలుగో మెట్టు: ఆకర్షించే భాగాన్ని, వివరించే భాగాన్ని జతచేయండి

ఎక్కువ సందర్భాల్లో పనికొచ్చే నిర్మాణం రెండు భాగాలది: ముందు ఆసక్తి కలిగించే కొన్ని మాటలు, తరువాత మొదటి మెట్టులో దాచుకున్న వెతుకుడు మాటలతో కూడిన వివరణ. మన ఉదాహరణ ఇప్పుడు ఇలా తయారవుతుంది: ‘చెరువు వదిలిన మట్టి, చెలక దాచిన తేమ: పూడికమట్టి కలిపిన చెలక నేలల్లో తేమ నిల్వపై క్షేత్ర పరిశీలన’.

ఇక్కడ రెండు భాగాలూ ఒకే విషయాన్ని రెండుసార్లు చెప్పకుండా చూసుకోవాలి. మొదటి భాగాన్ని తీసేసినా వ్యాసం దొరకాలి, రెండో భాగాన్ని తీసేసినా వ్యాసం గుర్తుండాలి. నిడివి కూడా అదుపులో ఉండాలి. సుమారు 1,40,000 వ్యాసాలను పరిశీలించి 2015లో వెలువరించిన ఒక అధ్యయనంలో, పొట్టి శీర్షికలున్న వ్యాసాలను ప్రచురించే పత్రికలకు ఒక్కో వ్యాసానికి ఎక్కువ ఉటంకింపులు (ఇతర వ్యాసాల్లో ప్రస్తావనలు) దక్కినట్టు తేలింది. ప్లాస్ అనే శాస్త్ర పత్రికల సమూహంలోని వ్యాసాలపై 2011లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, ప్రశ్నార్థక శీర్షికలున్న వ్యాసాలను ఎక్కువ మంది దించుకున్నారు కానీ వాటిని ఉటంకించినవారు తక్కువ. హాస్యం విషయంలో ఫలితాలు మరింత హెచ్చరిస్తాయి: రెండు మనస్తత్వశాస్త్ర పత్రికల వ్యాసాలను పరిశీలించిన 2008 నాటి అధ్యయనంలో, మరీ నవ్వు పుట్టించే శీర్షికలకు ఉటంకింపులు తగ్గాయి. ఇవన్నీ సగటు లెక్కలే తప్ప శీర్షికే కారణమని నిరూపించినవి కావు. అయినా చదువరి క్లిక్ చేయడం వేరు, నమ్మి వాడుకోవడం వేరు అన్న తేడాను ఇవి స్పష్టంగా చూపుతున్నాయి. నా అభిప్రాయంలో పరిశోధన వ్యాసానికి ఆసక్తి కలిగించే శీర్షిక కావాలి, నవ్వించే శీర్షిక అవసరం లేదు.

ఐదో మెట్టు: వదిలేయవలసినవి వదిలేయండి

రోగుల బాధ మీద, మరణాల మీద, పురుగుమందుల విషప్రభావం మీద శ్లేష కట్టకూడదు. ఆ వ్యాసాన్ని రోగి బంధువులు చదివితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే మరో వాదన అక్కరలేదు. కోయ, గోండు గూడేల్లో సికిల్ సెల్ వ్యాధిని పరిశీలించినవారు ఆ సమాజం పేరును వింతగా ధ్వనించేలా వాడడం, మేడారం జాతర సమయంలో జంపన్నవాగు నీటి నాణ్యతను కొలిచినవారు భక్తుల నమ్మకాన్ని ఎగతాళి చేసేలా పేరు పెట్టడం ఆ ప్రజల గౌరవాన్ని దెబ్బతీస్తాయి. మనకు నీటి నమూనాలిచ్చి, రక్త నమూనాలిచ్చి సహకరించినవారు ఆ శీర్షికను తమ పిల్లలకు చదివి వినిపించగలగాలి.

అరిగిపోయిన మూసలనూ వదిలేయాలి. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా రాసిన లేఖకు సంపాదకుడు నిక్లాస్ విర్త్ ‘గో టు వాక్యం హానికరం’ (గో టు అంటే ప్రోగ్రామును మరోచోటికి దూకించే ఆదేశం) అన్న ధోరణిలో పేరు మార్చిన తరువాత, కంప్యూటర్ శాస్త్రంలో ‘ఫలానాది హానికరం’ అనే శీర్షికలు లెక్కలేనన్ని వచ్చాయి. 2017లో గూగుల్ పరిశోధకులు ‘అవధానం ఒక్కటే చాలు’ అనే అర్థం వచ్చేలా పెట్టిన పేరుకూ అదే గతి పట్టింది. మొదటివారికి అది కొత్తదనం, తరువాతివారికి అనుకరణ. పాటల చరణాల విషయంలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు పాటించిన హద్దు గమనించదగినది. ఒక ప్రసిద్ధ గాయకుడి చరణాలను శీర్షికల్లో చొప్పించడాన్ని వారు తమలో తాము పోటీగా పెట్టుకున్నారు, కానీ వాటిని వాడింది సంపాదకీయాల్లోనూ వ్యాఖ్యానాల్లోనే తప్ప మూల పరిశోధన వ్యాసాల్లో కాదు.

ఆరో మెట్టు: పరీక్షించండి

ముందుగా మార్పిడి పరీక్ష చేయండి. మీ శీర్షికలోని ఆకర్షించే భాగాన్ని మీ విభాగంలోని మరో వ్యాసం మీద పెట్టి చూడండి. అక్కడా అతికితే అది మీది కాదు. ‘చీకటి నుంచి వెలుగులోకి’ సౌర ఫలకాలకూ, కంటి శస్త్రచికిత్సకూ, అక్షరాస్యతకూ సరిపోతుంది. ‘చెరువు వదిలిన మట్టి’ ఒక్క దానికే సరిపోతుంది.

తరువాత ఇతర శాఖల వారికి శీర్షిక మాత్రమే చదివి వినిపించి, ఈ వ్యాసంలో ఏముంటుందని అనుకుంటున్నారో అడగండి. వృక్షశాస్త్రం వారిది భౌతికశాస్త్రం వారికి, వైద్యులది ఇంజనీర్లకు. వారి జవాబు మీ ఫలితానికి దగ్గరగా ఉంటే శీర్షిక నిలిచినట్టే. వేరే ఏదో చెబితే వారిని సరిదిద్దకండి, శీర్షికనే సరిదిద్దండి. అడిగినవారే మీకు తట్టని మెరుగైన పేరు చెప్పడమూ జరుగుతుంది. మరుసటి రోజు కలిసినప్పుడు ఆ శీర్షిక ఏమిటో గుర్తుందా అని కూడా అడగండి. చివరగా, మీ ఫలితం నచ్చని సమీక్షకుడి కళ్లతో ఒక్కో మాటనూ చదివి, ‘ఇది ఎక్కడ నిరూపించారు?’ అని ప్రశ్నించుకోండి. జవాబు చెప్పలేని మాట ఉండకూడదు.

ఏడో మెట్టు: నియమాలు చూసుకొని పంపండి

పత్రిక రచయితలకిచ్చే సూచనల్లో శీర్షిక నిడివి, విరామ చిహ్నాలు, సంక్షిప్త పదాల గురించిన నియమాలు ఉంటాయి. వైద్య పరిశోధనలో ఇవి మరింత కచ్చితం. యాదృచ్ఛిక కేటాయింపుతో చేసిన ప్రయోగమైతే ఆ సంగతి శీర్షికలోనే ఉండాలని కన్సార్ట్ మార్గదర్శకాలు, క్రమబద్ధ సమీక్ష అయితే ఆ మాట శీర్షికలోనే కనిపించాలని ప్రిస్మా మార్గదర్శకాలు చెబుతాయి. అటువంటి చోట రెండో భాగాన్ని ముందు నింపి, మిగిలిన స్థలాన్ని బట్టి మొదటి భాగాన్ని నిర్ణయించుకోవాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం శీర్షిక విశ్వవిద్యాలయంలో నమోదై ఉంటుంది. దాన్ని మార్చాలంటే పర్యవేక్షకుల సమ్మతితో అనుమతి తీసుకోవాలి, కాబట్టి ఆఖరి నెలల దాకా ఆగకుండా ముందే కదలండి.

పంపేటప్పుడు సాదా శీర్షికను కూడా చేతిలో ఉంచుకోండి. సంపాదకుడు అభ్యంతరం చెబితే ఒక్కసారి మర్యాదగా మీ కారణం రాయండి, అప్పటికీ ఒప్పుకోకపోతే సాదా శీర్షికకు మారండి. కొన్ని పత్రికలు పేజీ తలపై వేయడానికి కుదించిన శీర్షిక అడుగుతాయి. దాన్ని పత్రిక సిబ్బందికి వదిలేస్తే మొదటి కొన్ని మాటలు కోసి పెట్టే అవకాశం ఉంది, అప్పుడు ‘చెరువు వదిలిన’ దగ్గరే అది తెగిపోవచ్చు. ‘పూడికమట్టి, చెలక తేమ’ అని మీరే రాసి పంపండి.